ఉప్పునీళ్ళ ఎలుకలు

మా ఇంట్లో పిల్లిని ముద్దు కోసం పెంచరు, వలల కోసం పెంచుతారు. చేపల వాసన పట్టిన వలంటే ఎలుకలకి ప్రాణం. అవి ఒకసారి కొరికి పెట్టాయంటే వేటకి పోవాల్సిన నాన్న పడవ ఎక్కడం మానేసి, ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకోవాల్సిందే. అందుకని మా సముద్రపొడ్డు ఊళ్ళో వల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక పిల్లి ఉంటుంది. మాది పసుపు చారల పిల్లి. దానికి పేరంటూ ఏమీ లేదు. అమ్మ నోటితో చిన్న చప్పుడు చేస్తే పరిగెత్తుకుంటూ వస్తుంది. నేను అదే చప్పుడు చేస్తే ఒకసారి చూసి, అటు తిరిగి పడుకుంటుంది. దాని పొగరు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అలాంటి ఇంట్లో పుట్టి, నెల్లూరులో ఫార్మసీ పీజీలో చేరి, నేను మొదట నేర్చుకున్నది ఏమిటయ్యా అంటే తెల్ల చిట్టెలుకల్ని చేత్తో పట్టుకోవడం.

"దానికి ఇన్నేళ్ళ చదువెందుకు మే? మన పిల్లి బడికి పోకుండానే పడతా ఉండాదే," అని అమ్మ చుట్టుపక్కల వాళ్ళ ముందు నవ్వేది.

పోనీలే అని ఊరుకునే రకాన్ని కాను. "నీ పిల్లి పట్టుకుని తింటుంది. నేను పట్టుకుని జాగ్రత్తగా మళ్ళీ డబ్బాలో పెడతాను. అదే చదువు," అనేదాన్ని. అమ్మకి ఆ జవాబు నచ్చేది కాదు. మళ్ళీ మర్నాడు ఇంకొకరి ముందు అదే మాట అనేది.

నిజానికి నేను ఎలుకల్ని పట్టుకోవాల్సి వచ్చింది అమ్మ వల్లే. మా ఊరి ఇసకదిబ్బల మీద ఒక తీగ పాకుతుంది. ఆకు మేక గిట్టలా రెండుగా చీలి ఉంటుంది, పువ్వు ఊదా రంగు. పుస్తకాల్లో బాలబంద అని రాస్తారు, మా ఇంట్లో ఇసక తీగ అంటాం. పెద్ద వల ఒడ్డుకి లాగాక చేపల్ని ఏరేది ఆడవాళ్ళు. చేపలతో పాటు వలలో జెల్లీ చేపలు కూడా వస్తాయి. గాజు ముద్దలా ఉండి కంటికి ఆనవు, చెయ్యి తగిలితే మాత్రం నిప్పు అంటుకున్నట్టు మండుతుంది. అప్పుడు అమ్మ నాలుగు ఇసక తీగ ఆకులు తెంచి, పెనం మీద వాడ్చి, నలిపి, గోరువెచ్చగా ఉండగానే గుడ్డతో కట్టు కట్టుకుంటుంది. కాసేపటికి "తగ్గింది" అంటుంది. తాళ్ళు లాగి లాగి భుజాలు పట్టేసినా అదే ఆకు, మోకాళ్ళు సలిపినా అదే ఆకు.

చిన్నప్పుడు అమ్మ తగ్గిందంటే తగ్గినట్టే. చదువు తలకెక్కాక అనుమానాలు మొదలయ్యాయి. తగ్గుతున్నది ఆకు వల్లా, ఆ వెచ్చదనం వల్లా, లేక తగ్గుతుందని గట్టిగా అనుకోవడం వల్లా? ప్రాజెక్టుకి ఏదైనా మొక్క ఎంచుకోమన్నప్పుడు నేను ఇంకో ఆలోచన లేకుండా ఇసక తీగ పేరు రాసిచ్చాను. మాకు గైడుగా ఉన్న మేడమ్ పై ఊళ్ళలో వరి పండించే ఇంటి నుంచి వచ్చిన మనిషి. మాటలో మెత్తదనం, పనిలో మొండితనం. ఆవిడ ఆ కాగితం చదివి నవ్వారు.

"మీ అమ్మ చెప్తే నేను నమ్ముతా అమ్మాయ్. పుస్తకం నమ్మదు. పుస్తకం నమ్మాలంటే ఎలుక చెప్పాల."

ఎలుక ఎలా చెబుతుందంటే, వేడి పళ్ళెం అని ఒక యంత్రం ఉంటుంది. లోహపు పలక, చుట్టూ గాజు గోడ. మనం చెయ్యి ఆనిస్తే చురుక్కుమని తీసేసేంత వేడి మీద అది నిలకడగా ఉంటుంది. చిట్టెలుకని దాని మీద దించి గడియారం నొక్కుతాం. కొద్దిసేపట్లో అది వెనక పాదం ఎత్తి నాక్కుంటుంది, లేదా ఎగురుతుంది. అదే దాని మాట. ఆ క్షణంలోనే గడియారం ఆపి దాన్ని పైకి తీసేయాలి. నాకినా నాకకపోయినా, పెట్టుకున్న గడువు దాటి ఉంచకూడదు. ఉంచితే పాదం కాలిపోతుంది. మందు పనిచేసిన ఎలుక ఆలస్యంగా నాక్కుంటుంది, మందు పడని ఎలుక వెంటనే నాక్కుంటుంది. అందుకే కొన్ని ఎలుకలకి మన ఆకు సారం, కొన్నిటికి ఇదివరకే అందరికీ తెలిసిన నొప్పి మందు, కొన్నిటికి ఉత్త ఉప్పునీళ్ళు ఇస్తాం. ఆ ఉప్పునీళ్ళ ఎలుకలతో పోల్చి చూస్తేనే మిగతావాటి సంగతి తేలేది.

బతికున్న చేపల్ని కత్తిపీట మీద కోసే ఇంట్లో పెరిగినదాన్ని, నాకు ఎలుక ఒక లెక్కా అనుకున్నాను. తీరా ఆ గులాబీ రంగు పాదాన్ని అది మూతి దగ్గరికి తెచ్చుకుని నాక్కుంటుంటే, పైకి తీసి రెండు చేతుల్లో పొదివి పట్టుకుని ఉండిపోయాను. మేడమ్ నా మొహం చూశారు.

"బాధగా ఉందా?"

"ఉంది మేడమ్."

"ఉండనీ. లేనివాళ్ళని నేను ఈ గదిలోకి రానీయను," అన్నారు.

ఎన్ని ఎలుకల మీద పరీక్ష చేస్తామని రాస్తే అన్నిటికే, జంతువుల మీద పరీక్షల్ని చూసుకునే కమిటీ అనుమతి ఇస్తుంది. వాటిని పాడుచేసుకుని, ఇంకొన్ని ఇవ్వండి అంటే కుదరదు. మేడమ్ అందుకని చాలావాటిని ముట్టుకోనివ్వకుండా పక్కన ఉంచి, ముందు కొన్నిటితో చిన్న ట్రయల్ చెయ్యమన్నారు. ఇదేం చాదస్తం అని లోపల సణుక్కున్నాను. ఆ చాదస్తానికి తరవాత ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో చెప్పలేను.

ట్రయల్ మొదలుపెట్టబోతుండగా అమ్మకి దెబ్బ తగిలింది. వల లాగేటప్పుడు అల కొట్టి అమ్మ నడుం లోతు నీళ్ళలోకి జారింది. అక్కడే ఓ పెద్ద జెల్లీ చేప చేతికి చుట్టుకుంది. మోచెయ్యి దాకా వాచిపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళి సూది వేయించారు. ఆ చేత్తో వంట చెయ్యలేకపోయేది, జడ వేసుకోలేకపోయేది. నేను హాస్టల్లో సామాను సర్దుకుని ఇంటికొచ్చేశాను.

"నీళ్ళల్లో ఉండంగా ఏం తెలవలేదు మే," అని అమ్మ చెప్పుకొచ్చింది. "తాడు జారిపోతా ఉండాది, అల ఈడ్చుకుని పోతాదేమోనని ఒకటే దడ. ఒడ్డుకొచ్చి ఇసకలో కూలబడినాక చూడు, అప్పుడు మొదలైంది మంట. ప్రాణం పోయినట్టయింది."

నేను ఊఁ కొడుతూ పెనం మీద ఆకులు వాడ్చే పనిలో ఉన్నాను. ఆ మాట సరిగ్గా వినలేదు.

అప్పట్నుంచి రోజూ తోటపల్లి గూడూరు మీదుగా నెల్లూరుకి బస్సు. రొయ్యల చెరువుల మధ్య నుంచి వచ్చే గాలికి తెల్లకోటు మురికి కాకూడదని మడిచి సంచిలో పెట్టుకునేదాన్ని. ఇంటికి రాగానే ఉతికి ఆరేయడం, ఆరినవి మడిచి వలల పక్కనున్న వెదురుబుట్టలో పెట్టడం. పరిశుభ్రతలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ట్రయల్ రోజు డబ్బాల మీద రంగు చీటీలు అంటించి ఉన్నాయి. ఏ రంగుకి ఏమిచ్చారో మేడమ్‌కి తెలుసు, నాకు తెలియదు. నాకు తెలిస్తే నా కళ్ళు ఆకు వైపు మొగ్గుతాయని ఆవిడ పెట్టిన కట్టుబాటు అది. పసుపు చీటీ ఎలుకని పళ్ళెం మీద దించాను. నాకలేదు, ఎగరలేదు, గడువు దాకా అలాగే ఉంది. ఆహా అనుకున్నాను. ఎర్ర చీటీదీ అంతే. ఓహో అనుకున్నాను. నీలం చీటీది కూడా కదలకపోయేసరికి నా సంబరం చప్పబడింది. మూడింట్లో ఒకటి ఉప్పునీళ్ళు కదా.

మేడమ్ వచ్చి చూసి, "నీలం ఉప్పునీళ్ళు," అన్నారు. ఆవిడ మొహంలో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఉప్పునీళ్ళకే నొప్పి తగ్గితే, ఇక ఆకుకి తగ్గిందని ఎవరికి చెప్పుకోవాలి? నా ఏడాది నీళ్ళలో కలిసినట్టే. అది సరే, మళ్ళీ చదువుకోవచ్చు. అమ్మ కట్టుకునే ఆ కట్టు మాత్రం ఎప్పటికీ పల్లెవాళ్ళ నమ్మకం కిందే మిగిలిపోతుంది. పైగా ఆ చిట్టెలుకలు వేడి మీద నిలబడింది దేనికీ పనికిరాకుండా పోతుంది. చేపని కోస్తే కనీసం కూరవుతుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు అన్నం సయించలేదు.

నాకు దిగులు వస్తే అది కోపంగా బయటికి వస్తుంది. ముందు వేడి పళ్ళేన్ని తిట్టాను. వేరే థర్మామీటరు తెచ్చి చూస్తే అది చెప్పింది చెప్పినట్టే వేడిగా ఉంది. తరవాత ఉప్పునీళ్ళ సీసాని అనుమానించాను. కొత్త సీసా తెరిచినా అదే తీరు. చివరికి శ్రీహరికోట మీద పడ్డాను.

"మేడమ్, మొన్న రాకెట్ పోయింది కదా. ఆ చప్పుడికి ఎలుకలు బెదిరి ఉంటాయి. మా ఊళ్ళో కిటికీలు గలగలమన్నాయి."

"మీ ఊళ్ళో గలగలమంటే నెల్లూరులో ఎలుకకి ఏమమ్మా? రాకెట్ ఈపాటికి ఎక్కడో తిరుగుతా ఉంటుంది. ఇవి ఇంకా బెదురుతూ కూర్చుంటాయా?" అని మేడమ్ పకపకా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

కానీ బెదరడం అన్న మాట ఆవిడకి ఎక్కడో తగిలినట్టుంది. మర్నాడు నన్ను గది బయటే నిలబెట్టి, తాను లోపలికి వెళ్ళారు. తలుపుకున్న అద్దంలోంచి చూస్తున్నాను. నీలం చీటీ ఎలుక పళ్ళెం మీద దిగిన కాసేపటికే పాదం ఎత్తి నాక్కుంది. ఉప్పునీళ్ళ ఎలుక ఎలా చెయ్యాలో అచ్చం అలాగే. మేడమ్ దాన్ని వెంటనే తీసేసి, నన్ను లోపలికి పిలిచారు. నేను డబ్బా దగ్గరికి వెళ్ళి మూత తీశానో లేదో, లోపల ముక్కులు ఎగరేస్తూ తిరుగుతున్నవి కాస్తా మూలకి చేరి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, రాయిలా బిగుసుకుపోయాయి.

"నిన్ను చూసి భయపడతా ఉన్నాయి అమ్మాయ్."

"నన్నా? నాకేమన్నా కోరలున్నాయా మేడమ్?" అన్నాను. నిజంగానే మనసు నొచ్చుకుంది. వాటిని నేను ఎంత మెత్తగా పట్టుకుంటానో నాకు తెలుసు.

మేడమ్ నవ్వలేదు. "ప్రాణభయంలో నొప్పి తెలియదు. ముందు తప్పించుకోనీ, నొప్పి సంగతి తరవాత చూసుకుందాం అంటుంది ఒళ్ళు. పళ్ళెం మీద నువ్వు చూసింది నొప్పి తగ్గడం కాదు. భయంతో నొప్పి మరిచిపోవడం. నీ దగ్గర వాటికి ఏదో తెలుస్తా ఉంది. అదేందో వెతుక్కో, పో."

నీళ్ళల్లో ఉండంగా ఏం తెలవలేదు మే. అమ్మ మాట అప్పుడు వినపడింది నాకు. ఒడ్డుకొచ్చాకే మొదలైంది మంట. నా చేతుల్లో ఉన్న ఆ ఎలుకలు ఇంకా ఒడ్డుకి రాలేదన్నమాట. వాటిని ఏ అల తరుముతోందో మాత్రం అర్థం కాలేదు. కోటు చెయ్యి మొహానికి ఆనించుకుని వాసన చూశాను. సబ్బు వాసన తప్ప నా ముక్కుకి ఏమీ అందలేదు.

ఆ రోజు మధ్యాహ్నం బస్సుకే ఇంటికి వెళ్ళిపోయాను. ఎప్పుడూ ఆ వేళప్పుడు ఇంట్లో ఉండేదాన్ని కాదు. అమ్మ వాకిట్లో కూర్చుని ఎండు చేపలు తిరగేస్తోంది. లోపలికి అడుగుపెట్టి బుట్ట వైపు చూశాను. నేను ఉతికి, ఆరేసి, అంచులు కలిపి మడిచిపెట్టిన తెల్లకోట్ల మీద మా పసుపు చారల మహారాణి ముడుచుకుని నిద్రపోతోంది. కోటు మీద, దగ్గరికి వంగితే గానీ కనపడని దాని సన్నటి వెంట్రుకలు. నేను కళ్ళప్పగించి నిలబడితే ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది.

రోజూ నేను పిల్లి పడక తొడుక్కుని ఎలుకల దగ్గరికి వెళ్తున్నాను.

నా కేకకి అమ్మ చేతిలో చేప అలాగే పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. నేను చెప్పిందంతా విని, "అదా! మెత్తగా ఉండాదని నువ్వు పోయినాక రోజూ ఈడనే పడుకుంటా ఉండాది. పాపం, నేనే లేపలేదు," అంది.

"పాపమా? ఈ పిల్లి ఈ ఇంట్లో ఉంటే నేనుండను."

"నువ్వు పోతే కూడు నేనే వండుకుంటా. పిల్లి పోతే వలలకి కాపలా ఎవురు? నువ్వుంటావా ఎలుకల్ని పట్టను? పెద్ద చదువు చదివినావు గదా!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు నవ్వింది నేనే. అమ్మ వాచిన చెయ్యి పొట్టకి ఆనించుకుని, నొప్పి నొప్పి అంటూనే నవ్వింది. నవ్వి నవ్వి నేను ఆ బుట్ట పక్కనే కూలబడ్డాను. ఆ చిట్టెలుకల్ని తలుచుకుంటే జాలేసింది, పాదాల కింద మంట కూడా తెలియనంతగా అవి నా చేతుల్లో హడలిపోయాయి. అయినా కారణం దొరికింది. ఆకు తప్పు లేదు, పళ్ళెం తప్పు లేదు, రాకెట్ తప్పు అసలే లేదు. గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది.

మేడమ్‌కి చెబితే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. "మా ఇంట్లోనూ వడ్ల బస్తాల కాడ పిల్లి ఉండేది. నాకే తట్టలేదు చూడు," అన్నారు. ఆ కోట్లు ఇక ఇంటికే అంకితం. కొత్తవి కుట్టించి కాలేజీలోనే ఉంచాను. రోజూ బస్సు దిగగానే హాస్టల్లో స్నేహితురాలి గదిలో తలస్నానం చేసి, అక్కడ దాచుకున్న బట్టలు కట్టుకుని, అప్పుడు ఎలుకల గదిలోకి వెళ్ళేదాన్ని. మొదట్లో ఊరికే డబ్బా దగ్గర కూర్చునేదాన్ని. ముట్టని ఎలుకలు ఇంకా అలాగే ఉన్నాయి, అంతా మేడమ్ చాదస్తం పుణ్యం. కొన్నాళ్ళకి వాటిలో ఒకటి నా వేలి కొన వాసన చూసి, మణికట్టు మీదికి ఎక్కింది. మా పిల్లి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెయ్యని పని అది.

అసలు పరీక్ష రోజు మళ్ళీ రంగు చీటీలు; రంగులు మార్చారో, పాతవే ఉంచారో మేడమ్ చెప్పలేదు కాబట్టి మళ్ళీ నాకేమీ తెలియదు. నీలం ఎలుకలు ఒకదాని తరవాత ఒకటి త్వరత్వరగా పాదం నాక్కున్నాయి. నాకిన మరుక్షణం తీసేశాను. ఎర్రవి చాలాసేపు ఆగాయి. పసుపువి ఎర్రవాటంత కాదు, కానీ నీలంవాటికంటే బాగా ఆలస్యంగా నాక్కున్నాయి. మత్తుగా ఉండి కదల్లేకపోతున్నాయేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి మేడమ్ వాటిని తిరిగే కడ్డీ మీద కూడా ఎక్కించారు. మత్తులో ఉంటే జారి పడతాయి. పసుపువి పడకుండా చకచకా నడిచాయి. అప్పుడు మేడమ్ నా వైపు తిరిగారు.

"నీలం ఉప్పునీళ్ళు. ఎర్రది మందు. పసుపు మీ అమ్మ ఆకు."

నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషం అనడానికి లేదు, ఊపిరి ఆడింది అంతే. ఎలుకకి తగ్గితే మనిషికి తగ్గినట్టు కాదని, ఇంకా చాలా దూరం ఉందని మేడమ్ వెనకే వచ్చి చెప్పారు. అదీ నాకు తెలుసు. అయినా అమ్మ మాట వట్టి మాట కాదని ఒక ఎలుక సాక్ష్యం చెప్పింది. ఈ పరీక్షకి వాటిని చంపాల్సిన పని లేదని, అన్నీ తమ గదిలోనే ఉంటాయని విన్నాక ఇంకాసేపు ఏడ్చాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ చెయ్యి కొంచెం కుదుటపడి, చేపల పులుసు తనే పెట్టింది. పళ్ళెం ముందు కూర్చుని అంతా చెప్పాను. అమ్మ మధ్యలో నవ్వలేదు, ఎగతాళి చెయ్యలేదు.

"అయితే ఆకు పడిన ఎలకలకి నొప్పి తగ్గింది."

"తగ్గిందమ్మా."

"మరి ఆ ఉప్పునీళ్ళవి?"

"వాటికి ఏమీ ఇవ్వకూడదు. వాటిని చూసే కదా, మిగతావాటికి తగ్గిందని తెలిసేది. అవి లేకపోతే నీ ఆకుని ఎవరూ నమ్మరు."

అమ్మ తన చేతి మీద మిగిలిన ఎర్రని చారల్ని చూసుకుంది. "అంటే అవి మంటని మంటగానే పడినాయి. నా ఆకు కోసరం."

పరీక్ష గురించి ఎవరేం అడిగినా చెప్పగలను అనుకున్నాను, ఇది ఎవరూ అడగలేదు.

"పళ్ళెం మీద నుంచి వాటిని తీసింది నువ్వేనా?"

"నేనే."

"వెంటనే తీసినావా?"

"కాలు నాకగానే తీశానమ్మా. ఒక్కదాన్ని కూడా ఉంచలేదు."

నేను నిజమే చెబుతున్నానని అమ్మకి తెలిసిపోయింది.

"అట్టయితే సరే. తిను," అని ఇంకో చేప ముక్క పళ్ళెంలో వేసింది.

పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఒక్కసారిగా ఆకలేసింది.